బోర్డుతో పోయేదా, వెంట వచ్చేదా: పాత డెస్క్‌టాప్‌ను బాగుచేయించాలా, మార్చాలా?

టెక్కలిలో మా అన్నయ్య ఇంట్లో 2014లో కొన్న డెస్క్‌టాప్ ఒకటి ఉంది. పోయిన దసరాకు ముందు మేనల్లుడు ఫోను చేశాడు. "అత్తా, కంప్యూటర్ తెరుచుకోవడానికే ఆరేడు నిమిషాలు పడుతోంది. పని మధ్యలో దానంతట అదే ఆరిపోతోంది. ఇక్కడ చూపిస్తే బోర్డు పోయింది, కొత్తది కొనుక్కోండి అన్నారు. నాన్న నిన్నొకసారి అడగమన్నారు."

"పైడితల్లమ్మ సిరిమానోత్సవానికి వస్తున్నావు కదా, దానిని కూడా పట్టుకురా నాన్నా. చూద్దాం" అన్నాను.

పాత దుప్పటిలో చుట్టి, శ్రీకాకుళంలో బస్సు మారి, విజయనగరం దాకా ఒళ్లో పెట్టుకుని తెచ్చాడు.

నేను గంటస్తంభం దగ్గర డీటీపీ పని చేస్తాను. శుభలేఖలు, కరపత్రాలు, బడి ప్రశ్నపత్రాలు. ఇరవై ఏళ్లలో చాలా యంత్రాలు నా చేతుల మీదుగా వెళ్లాయి. కొన్నిటిని తొందరపడి వదిలేశాను, కొన్నిటికి పెట్టకూడని చోట డబ్బు పెట్టాను. అందుకే ఇప్పుడు ఎవరు సలహా అడిగినా ముందుగా ఒక ఎదురు ప్రశ్న వేస్తాను: మీరు డబ్బు పెట్టబోయే భాగం రేపు కొత్త యంత్రంలోకి మీ వెంట వస్తుందా, లేక పాత బోర్డుతోనే, అంటే భాగాలన్నీ తగిలించి ఉండే మదర్‌బోర్డుతోనే పోతుందా?

ఎస్‌ఎస్‌డీ (తిరిగే భాగాలు లేని, వేగంగా పనిచేసే డిస్కు) వెంట వస్తుంది. మంచి ఎస్‌ఎంపీఎస్ (గోడ కరెంటును కంప్యూటర్‌కు తగినట్టు మార్చి ఇచ్చే డబ్బా), యూపీఎస్ (కరెంటు పోతే కాసేపు నడిపే బ్యాటరీ పెట్టె), మానిటరు, కీబోర్డు, మామూలు కొలతల క్యాబినెట్ వెంట వస్తాయి. డీడీఆర్3 అనే పాత తరం ర్యామ్ (పని జరుగుతున్నంతసేపు సమాచారం నిలిపే మెమరీ) రాదు; తరువాతి తరం డీడీఆర్4 బోర్డులో దాని గాడి కూడా కుదరదు. పాత సాకెట్ (బోర్డు మీద ప్రాసెసరు కూర్చునే గుంట) ప్రాసెసరు రాదు. బోర్డు మరమ్మతుకు ఇచ్చిన కూలి అసలే రాదు. వెంట వచ్చేవాటికి ధైర్యంగా ఖర్చు పెట్టండి. బోర్డుతో పోయేవాటి దగ్గర మాత్రం చేయి బిగించండి. "బాగుచేయించడమా, కొత్తదా" అనే ప్రశ్నకు చాలామంది వెతికే జవాబు ఈ గీతకు అటో ఇటో దొరుకుతుంది.

ముందు రోగం తేలాలి

మేనల్లుడు తెచ్చిన సీపీయూ డబ్బా పక్క రేకు విప్పితే లోపల దుమ్ము జంపఖానాలా పరుచుకుని ఉంది. ఎస్‌ఎంపీఎస్ జాలీకి సాలెగూడు, అడుగున రెండు బల్లిగుడ్డు పెంకులు. వరండాలోకి తీసుకెళ్లి, ఫ్యాను రెక్కలు తిరగకుండా వేలితో పట్టుకుని, బ్లోయరుతో ఊదాం. ర్యామ్ తీసి, దాని బంగారు రంగు పళ్లను పెన్సిలు రబ్బరుతో మెల్లగా రుద్ది, పొడి గుడ్డతో తుడిచి మళ్లీ కూర్చోబెట్టాం. ప్రాసెసరు మీది పేస్టు ఎండి సుద్దపొడిలా రాలింది, కొత్తది రాశాం. బోర్డు మీద నాణెంలా ఉండే సీఆర్2032 బ్యాటరీ మార్చాం. ఆన్ చేసిన ప్రతిసారీ తేదీ వెనక్కి వెళ్లిపోవడానికి కారణం అదే. ఇంతవరకు అయిన ఖర్చు రెండు వందల రూపాయల లోపు. ఈ పని జరగకముందే "బోర్డు పోయింది" అని ఎవరు చెప్పినా దయచేసి నమ్మవద్దు.

నెమ్మదిగా నడవడం ఒక జబ్బు, ఆరిపోవడం వేరే జబ్బు. రెండిటినీ కలిపి "ముసలిదైపోయింది" అనేస్తాం, పొరపాటు అక్కడే మొదలవుతుంది.

నెమ్మదితనం సంగతి విండోస్‌లోని టాస్క్ మేనేజర్ చెప్పేస్తుంది. మీరు రోజూ చేసే పని చేస్తూ దానిని తెరిచి ఉంచండి. డిస్క్ దగ్గర 100 శాతం అని నిలిచిపోయి, ప్రాసెసరు దగ్గర పది, ఇరవై శాతమే కనిపిస్తుంటే తప్పు హార్డ్‌డిస్కుది. మెమరీ తొంభై శాతం దాటి దిగడం లేదంటే ర్యామ్ చాలడం లేదు. ఈ రెండూ బాగానే ఉండి, మామూలు పనికే ప్రాసెసరు నూరు శాతానికి చేరి అక్కడే ఉంటే, అప్పుడు మాత్రమే ప్రాసెసరు వయసు అయిపోయిందని ఒప్పుకోవాలి. ఆ స్థితిలో ఏ మరమ్మతూ మీకు సుఖం ఇవ్వదు.

ఆరిపోయే జబ్బుకు సాధారణంగా రెండు కారణాలు: వేడి, లేదా ఎస్‌ఎంపీఎస్. పని పెరిగినప్పుడు ప్రాసెసరు ఉష్ణోగ్రత తొంభై డిగ్రీలు దాటుతుంటే వేడి అనుకోవచ్చు, దానికి పేస్టు, ఫ్యాను చాలు. అది కాకపోతే బాగా పనిచేస్తున్న మరో ఎస్‌ఎంపీఎస్ తగిలించి చూడడం కన్నా నమ్మకమైన పరీక్ష లేదు. ఇంట్లో ఎస్‌ఎంపీఎస్ డబ్బా మాత్రం విప్పవద్దు. ప్లగ్గు తీసిన తరువాత కూడా లోపలి కెపాసిటర్లలో ప్రమాదకరమైన కరెంటు నిలిచి ఉంటుంది.

నా దగ్గర అదనంగా ఉన్న ఎస్‌ఎంపీఎస్ తగిలించాం. సాయంత్రం నాలుగు నుంచి రాత్రి పది దాకా ఒక్కసారి కూడా ఆరిపోలేదు. హార్డ్‌డిస్కును క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో పరీక్షిస్తే పసుపు రంగు హెచ్చరిక వచ్చింది. చదవడానికి మొరాయిస్తున్న సెక్టర్లు (డిస్కులో సమాచారం ఉండే చిన్న గదులు) ఉన్నాయి. బోర్డుకు ఏ లోపమూ లేదు.

"అయితే బోర్డు పోలేదా అత్తా?" అన్నాడు. ఆ మొహంలో వెలుగు చూస్తే నాకే సంతోషం వేసింది.

అలాంటి హార్డ్‌డిస్కు చేతికి వస్తే ఒక జాగ్రత్త ఉంది. దానిని మళ్లీ మళ్లీ ఆన్ చేసి పరీక్షలు పెట్టవద్దు. మొదట ఫొటోలు, కాగితాలు వేరేచోటికి కాపీ చేసుకోండి. లోపలి నుంచి టిక్, టిక్ అని చప్పుడు వస్తుంటే అది కూడా చేయకుండా ఆపేసి, డేటా తీసిచ్చేవారి దగ్గరకు తీసుకెళ్లండి.

మన దగ్గర అసలు శత్రువు కరెంటు

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో నేను చూసినంతలో యంత్రాలు వయసు మీద పడి పోవడం తక్కువ. కరెంటు హెచ్చుతగ్గులకు, తేమకు, పిడుగులకు పోయినవే ఎక్కువ.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చింది. కొన్ని రోజులు చీకట్లో ఉన్నాం. ఒక సాయంత్రం కరెంటు వచ్చిందన్న సంబరంలో గోడ మీది స్విచ్చు వేసే ఉందన్న సంగతి మరిచిపోయాను. బల్బు ఒక్కసారి తెల్లగా వెలిగి ఎర్రబడింది, మళ్లీ తెల్లబడింది. టేబుల్ కింద నుంచి కాలిన వాసన. ఎస్‌ఎంపీఎస్ తాను పోతూ హార్డ్‌డిస్కును కూడా తీసుకుపోయింది. అందులో రెండు పెళ్లిళ్ల శుభలేఖల ఫైళ్లు ఉన్నాయి. ఆ రెండు కుటుంబాలకూ నేను సంజాయిషీ చెప్పుకున్న తీరు ఇప్పటికీ గుర్తుంది. అప్పటి నుంచి తుఫాను హెచ్చరిక వినగానే ప్లగ్గు, నెట్ తీగ రెండూ పీకేస్తాను. కరెంటు వచ్చిన తరువాత కూడా కొన్ని గంటలు ఆగుతాను.

అన్నయ్య వాళ్ల యంత్రం కథ 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫానుతో మొదలైంది. అప్పుడు పాత ఎస్‌ఎంపీఎస్ పోతే, అందుబాటులో ఉన్న చవకది ఒకటి వేయించారు. మొన్న దానిని విప్పి వాడి చేతిలో పెట్టాను. రెండో చేతిలో నా దగ్గరున్న మంచిది పెట్టాను. రెండిటి మీదా 450 వాట్లు అనే రాసి ఉంది. ఒకటి ఖాళీ అగ్గిపెట్టెలా తేలిపోతోంది, ఇంకొకటి బరువుకు చేతిని కిందికి లాగుతోంది. లోపల రాగి, ఇనుము, కెపాసిటర్లు ఎక్కడ ఆదా చేశారో ఆ తేడాలోనే ఉంది. పెట్టె మీద 80 ప్లస్ గుర్తు (కరెంటును తక్కువ వృథా చేస్తుందని పరీక్షించి ఇచ్చేది), నమ్మదగిన కంపెనీ పేరు, రాతపూర్వకమైన వారంటీ లేకపోతే తీసుకోకండి. పాత డెస్క్‌టాప్‌లో మొదటి ఖర్చు దేనికి పెట్టాలని అడిగితే నేను ఎస్‌ఎస్‌డీ కన్నా ముందు దీని పేరే చెబుతాను. ఇది వెంట వచ్చే భాగం మాత్రమే కాదు, వెంట వచ్చే మిగతా భాగాలన్నిటికీ కాపలా.

ఇంకొక సంగతి. క్యాబినెట్ రేకును ముట్టుకుంటే వేలికి జివ్వుమంటుందా? మన పాత ఇళ్లలో ఇది చాలామందికి అలవాటైపోయింది. ఎస్‌ఎంపీఎస్‌లో వచ్చే అలజడిని వడకట్టే చిన్న కెపాసిటర్లు ఆ కొద్దిపాటి కరెంటును ఎర్త్ తీగలోకి పంపాలి. ఎర్త్ లేకపోతే అది రేకు మీదే నిలుస్తుంది. రెండు కాళ్ల ఎక్స్‌టెన్షన్ బాక్సు వాడినా అదే జరుగుతుంది. కొత్త కంప్యూటర్ కొన్నా ఈ ఇంట్లో ఆ జివ్వు పోదు, కాబట్టి ఎలక్ట్రీషియన్‌ను పిలిచి ఎర్తింగ్ చేయించడం ముందు, కొనుగోలు తరువాత.

యూపీఎస్ గురించి క్లుప్తంగా: ఇంటి డెస్క్‌టాప్‌కు 600 వీఏ సామర్థ్యం ఉన్నది సరిపోతుంది. రెండు మూడేళ్లకు లోపలి బ్యాటరీ నీరసిస్తుంది. అప్పుడు యూపీఎస్ పారేయకుండా 12 వోల్టుల 7 ఏహెచ్ బ్యాటరీ ఒక్కటి మార్పిస్తే చాలు.

ఎస్‌ఎస్‌డీ, ర్యామ్: ఒకటి ఆస్తి, ఒకటి ఖర్చు

పాత యంత్రానికి ఎస్‌ఎస్‌డీ వేస్తే వచ్చే తేడా చూసినవాళ్లకు చెప్పనక్కరలేదు. తిరిగే హార్డ్‌డిస్కు వరసగా చదివినప్పుడు సెకనుకు నూరు, నూటయాభై మెగాబైట్లు ఇస్తుంది. సాటా (డిస్కును బోర్డుకు కలిపే తీగ పద్ధతి) ఎస్‌ఎస్‌డీ ఐదు వందలు దాటుతుంది. అసలు ఊరట ఆ అంకెలో కూడా లేదు. చెల్లాచెదురుగా ఉన్న చిన్న చిన్న ఫైళ్ల కోసం హార్డ్‌డిస్కు సూది అటూ ఇటూ పరుగెత్తాలి, ఎస్‌ఎస్‌డీకి ఆ పరుగు లేదు. విండోస్ తెరుచుకునేటప్పుడు జరిగేదంతా ఆ వెతుకులాటే. మేనల్లుడి యంత్రం ఆరేడు నిమిషాల నుంచి అర నిమిషం లోపుకు వచ్చింది. హెచ్81 లాంటి పాత బోర్డుల్లో సాటా గుంటలు వేగాన్ని బట్టి రెండు రకాలుగా ఉంటాయి. తీగను సాటా 6 అని రాసి ఉన్నదానికి తగిలించండి. షాపులో తొందరలో రెండోదానికి పెట్టేస్తారు.

ర్యామ్ దగ్గర మాత్రం మీ బోర్డు ఏ తరానిదో చూసుకోవాలి. ఇంటెల్ ప్రాసెసర్లలో నాలుగో తరం, అంతకు ముందువి డీడీఆర్3 (తరం ఎలా గుర్తించాలో కింద చెబుతాను). అవి బోర్డుతో పోయేవి, కాబట్టి నాలుగు జీబీని ఎనిమిదికి పెంచడం వరకు సరే, అది కూడా వాడినది చవకగా దొరికితేనే. పదహారుకు వెళ్లవద్దు. ఆరో తరం నుంచి చాలా బోర్డులు డీడీఆర్4 వాడతాయి. ఆ ర్యామ్‌ను రేపు పన్నెండో తరానికి వచ్చే డీడీఆర్4 బోర్డులోకి, లేదా ఏఎండీ కంపెనీ ప్రాసెసర్లకు వచ్చే ఏఎం4 సాకెట్ బోర్డులోకి తీసుకెళ్లవచ్చు. 2025 చివరి నుంచి ర్యామ్ ధరలు ఎగబాకాయి. ఏఐ డేటా సెంటర్లు మెమరీ చిప్‌లను పెద్ద ఎత్తున కొనేయడం అందుకు ముఖ్య కారణం. ఈ సమయంలో మీ పాత యంత్రంలో ఉన్న డీడీఆర్4 ముక్కను "ఎక్స్ఛేంజి" పేరుతో షాపుకు వదిలేయకండి. ముందు అది తీసి జేబులో వేసుకోండి.

విండోస్ గీసిన గీత

విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ ఇచ్చే ఉచిత మద్దతు 2025 అక్టోబరు 14న ముగిసింది. కొన్ని మినహాయింపులు తప్ప విండోస్ 11 అధికారికంగా ఇంటెల్ ఎనిమిదో తరం నుంచి, ఏఎండీ వైపు రైజెన్ 2000 వరస నుంచి మాత్రమే నడుస్తుంది. టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు కూడా కావాలి. మీ ప్రాసెసరు పేరులో గీత తరువాతి అంకె చూడండి: ఐ5-4460 నాలుగో తరం, ఐ5-8400 ఎనిమిదో తరం, ఐ5-12400 పన్నెండో తరం. ఐ3, ఐ5, ఐ7 అనే మాట కన్నా ఈ అంకె ముఖ్యం. రెండో తరం ఐ7ను గొప్పగా చూపించి అమ్ముతుంటారు. ఐ3-8100 దాని ముందు చిన్నగా వినిపిస్తుంది కానీ విండోస్ 11 దానిని ఒప్పుకుంటుంది, ఆ ఐ7ను ఒప్పుకోదు.

షాపుల్లో పాత యంత్రాలకు కూడా దొడ్డిదారిన విండోస్ 11 వేసి ఇస్తున్నారు. నడుస్తుంది. అయితే అలాంటి యంత్రాలకు అప్‌డేట్లు వస్తాయని మైక్రోసాఫ్ట్ హామీ ఇవ్వదు. బ్యాంకు పనులు, ఆదాయపు పన్ను పనులు చేసే కంప్యూటర్‌లో నేను ఆ పని చేయను. విండోస్ 10లోనే ఉండదలచినవారికి 2026 అక్టోబరు 13 వరకు అదనపు భద్రతా అప్‌డేట్ల పథకం ఉంది. 22హెచ్2 అనే చివరి వెర్షను, మైక్రోసాఫ్ట్ ఖాతా ఉంటే సెట్టింగ్స్ నుంచి చేరవచ్చు. బ్రౌజరు, ఉత్తరాలు, పీడీఎఫ్‌లు మాత్రమే చూసుకునే ఇంటికి విండోస్‌కు బదులు వాడే లినక్స్ మింట్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ హాయిగా సరిపోతుంది. యూనికోడ్ (ఏ యంత్రంలోనైనా ఒకేలా చదవగలిగే అక్షరాల పద్ధతి) తెలుగు టైపింగ్ అందులోనూ ఉంది.

మా డీటీపీ వాళ్ల చిక్కు వేరు. పేజీలు కూర్చే సాఫ్ట్‌వేర్ పేజ్‌మేకర్ 7.0 వచ్చింది 2001లో, ఆ తరువాత అడోబి కొత్త తరం తీసుకురాలేదు. అయినా మన ఊళ్లలో శుభలేఖలు ఇప్పటికీ అందులోనే, అను ఫాంట్లతో తయారవుతున్నాయి. ఆ ఫాంట్లు యూనికోడ్ కావు. పాత ఫైలును ఆ ఫాంటు లేని యంత్రంలో తెరిస్తే కనిపించేది అక్షరాలు కాదు, పిచ్చిగీతలు. అందుకే డీటీపీ, అకౌంట్ల షాపులవాళ్లు కొత్త యంత్రానికి డబ్బు కట్టేముందు తమ పాత సాఫ్ట్‌వేర్, లైసెన్సు, ప్రింటరు డ్రైవరు ఆ విండోస్‌లో పనిచేస్తాయో లేదో మరొకరి దగ్గర స్వయంగా నడిపి చూసుకోవాలి. నేను కొత్తది కొన్నప్పుడు పాతదానిని పారేయలేదు. నెట్ తీగ తీసేసి, పాత ఫైళ్ల కోసమే ఒక మూల ఉంచాను.

మార్చాలని తేలితే

బోర్డు నిజంగానే పోతే మొదట దాని మీద చిన్న డబ్బాల్లా నిలబడి ఉండే కెపాసిటర్లు చూడండి. పైమూత ఉబ్బినవి ఒకటి రెండు ఉంటే చిప్ పని తెలిసినవారు తక్కువ ఖర్చుతో మారుస్తారు, ఒకసారికి అది చేయించవచ్చు. చిప్‌సెట్ (బోర్డు భాగాలను కలిపి నడిపే ముఖ్యమైన చిప్) పోయిందంటే ఆగిపోండి. అదే తరం బోర్డు మరొకటి కొని వేయడం నాకు ఇష్టం లేదు. దొరుకుతుంది, చవకే, కానీ ఆ డబ్బంతా బోర్డుతో పోయే డబ్బు.

అక్కడ రెండు దారులు మిగులుతాయి. ఒకటి: పాత క్యాబినెట్, ఎస్‌ఎంపీఎస్, ఎస్‌ఎస్‌డీ, మానిటరు ఉంచుకుని బోర్డు, ప్రాసెసరు, ర్యామ్ మాత్రమే కొత్తవి వేయించడం. వెంట వచ్చేవాటిమీద ముందే ఖర్చు పెట్టినవారికి ఇది అన్నిటికన్నా లాభం. కంప్యూటర్‌తో పాటు వచ్చిన విండోస్ లైసెన్సు మాత్రం సాధారణంగా పాత బోర్డుకే ముడిపడి ఉంటుంది, దాని ఖర్చు లెక్కలో వేసుకోండి.

రెండోది: కార్యాలయాల్లో వాడి వదిలేసిన డెల్ ఆప్టిప్లెక్స్, హెచ్‌పీ ఎలైట్‌డెస్క్, లెనోవో థింక్‌సెంటర్ లాంటివి. ఎనిమిదో తరం, ఆ పైవి విశాఖలో దొరుకుతాయి. గట్టి యంత్రాలు, చదువుకునే పిల్లలకు బాగుంటాయి. కానీ చిన్న సైజువాటిలో ఎస్‌ఎంపీఎస్, బోర్డు ఆ కంపెనీ సొంత కొలతల్లో ఉంటాయి. రేపు ఎస్‌ఎంపీఎస్ పోతే రాజాంలోనో బొబ్బిలిలోనో మామూలు షాపులో దొరికేది అందులో పట్టదు. కరెంటు ఇంత ఇబ్బంది పెట్టే చోట నేను దీనిని పెద్ద లోపంగానే చూస్తాను. తీసుకుంటే యూపీఎస్ తప్పనిసరి.

పాతది ఎవరికి ఇచ్చినా డిస్కు తీసి ఇవ్వండి. ముఖ్యంగా జిరాక్స్ షాపులవాళ్లు. ఆ డిస్కులో ఊరందరి ఆధార్ కార్డుల స్కాన్లు ఉంటాయి.

మేనల్లుడికి చివరకు అయింది ఇది: 480 జీబీ ఎస్‌ఎస్‌డీ, 450 వాట్ల మంచి ఎస్‌ఎంపీఎస్, రెండూ కలిపి ఆరువేల లోపు. నా పాత యంత్రంలోని నాలుగు జీబీ డీడీఆర్3 ముక్క ఊరికే ఇచ్చాను. విండోస్ 10నే ఉంచి అదనపు అప్‌డేట్ల పథకంలో చేర్చాం. 2026 అక్టోబరు దాకా ఆ బోర్డు నడిస్తే చాలు. అప్పటికి డిగ్రీ చివరి సంవత్సరంలో ఉంటాడు, బోర్డు, ప్రాసెసరు, ర్యామ్ కొనడానికి నెలకింత అని అన్నయ్య దాస్తున్నాడు.

మళ్లీ దుప్పటి చుట్టేముందు వాడు ఒక తెల్లకాగితం మీద రెండు వరసలు గీశాడు. ఎడమవైపు "వెంట వచ్చేవి", కుడివైపు "బోర్డుతో పోయేవి". ప్రతి భాగం పేరు, కొన్న తేదీ, వారంటీ ఎన్నాళ్లో రాసి, పక్క రేకు లోపలివైపు టేపుతో అంటించి, మరలు బిగించాడు.